ఆన్‌లైన్ డాక్టర్: అమ్మ షుగరుకు ఎంతవరకు పనికొచ్చింది?

అమ్మకు షుగరు, బీపీ. మేముండేది చిత్తూరులో. ఇక్కడ పెద్ద డాక్టరంటే తిరుపతి, కాదంటే వేలూరు. ఐదు నిమిషాలు చూపించుకోవడానికి రోజంతా పోయేది. కొన్నేళ్లుగా ఆ పనిలో సగం ఫోన్‌లోనే అయిపోతోంది. (ఇది మా జిల్లాకు కొత్తేమీ కాదు. 2000లోనే అపోలో వాళ్లు అరగొండలో టెలిమెడిసిన్ పెట్టారు.)

జ్వరం, దగ్గు, ఒంటి మీద దద్దుర్లు లాంటివాటికి ప్రభుత్వం వాళ్ల ఆన్‌లైన్ డాక్టర్ సేవ ఈ-సంజీవని వాడతాం. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచే ఓపీ చూపించుకునే వీలు అందులో వచ్చింది. పైసా ఖర్చు లేదు, మందుల చీటీ ఫోన్‌కే వస్తుంది.

షుగరుకు మాత్రం ఒక ప్రైవేటు ఆసుపత్రి పోర్టల్. దీనితో అసలు లాభం పాత రిపోర్టులన్నీ ఒకచోట ఉండటం. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు) పెరుగుతోందా తగ్గుతోందా అన్నది డాక్టర్ మారినా తెలుస్తుంది. తంటా కూడా అక్కడే. రిపోర్టు డాక్టర్ కంటే ముందు మన ఫోన్‌కు వస్తుంది. ఒకసారి రాత్రిపూట క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) పక్కన ఎర్రక్షరాలు కనబడ్డాయి. అక్క గూగుల్ చేసి, డయాలసిస్ దాకా వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పొద్దున డాక్టర్ చూసి, "పోయినసారీ ఇంతే ఉంది కదమ్మా" అన్నారు. ఆ ముక్క రిపోర్టు కిందే రాసుంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

ఇంకోటి, పేరుకే అది అమ్మ ఖాతా. నంబరు నాది, ఓటీపీ నాకే వస్తుంది. నేను డ్యూటీలో ఉంటే తన రిపోర్టు తనే చూసుకోలేదు. వీడియోలో పక్కన నేనుంటే అమ్మ అన్నీ చెప్పదు కూడా. రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తోందో, ఏ మాత్ర మానేసిందో నేను గదిలోంచి బయటికొచ్చాకే నోరు విప్పుతుంది. అందుకే 14 అంకెల ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) మాత్రం అమ్మ ఆధార్‌కున్న ఫోన్‌తోనే చేయించాను. ఆ సౌకర్యమున్న ఆసుపత్రుల్లో క్యూఆర్ స్కాన్ చేసి వివరాలు పంపితే ఓపీ టోకెన్ వచ్చేస్తుంది, ఓపీ చీటీ కోసం లైను తప్పుతుంది.

కాళ్ల వాపు లాంటివాటికి వీడియో దండగ. వేలితో నొక్కి గుంట పడుతోందా లేదా చూడాల్సింది డాక్టరే. అలాంటప్పుడు నేరుగా బస్సెక్కడమే మేలు.

మందుల చీటీ రాగానే డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. నిబంధనల ప్రకారం ఉండాలి. మా వీధి మెడికల్ షాపాయన ముందు చూసేది అదే.