కనకపుర రోడ్డు క్యాంపుకి జర్మన్ నల్ల లాగర్

క్యాంపింగ్‌కి బయల్దేరేటప్పుడు టెంటు, టార్చి, మసాలా పట్టించిన కోడి అన్నీ గుర్తుంటాయి. బీరు సంగతి మాత్రం దారిలో చూసుకుందాం అనుకుంటాం. ఏదో ఎంఆర్‌పీ షాపు ముందు కారాపి, ఫ్రిజ్‌లో ఏది చల్లగా ఉంటే అది పట్టుకొస్తాం. చీకటి పడేసరికి ఐసు కరిగిపోతుంది, ఇక ఆ బీరు ఎవరికీ సహించదు. మనకు అలవాటైన లేత రంగు లాగర్లు జిల్లుమంటేనే గొంతు దిగుతాయి. మ్యూనిక్ డంకెల్ అనే జర్మన్ ముదురు లాగర్‌కి ఆ బాధ లేదు. 8-10 డిగ్రీల దగ్గర తాగే బీరు అది. ఇంకాస్త వెచ్చబడినా మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) రుచి ముందుకొస్తుందే తప్ప పాడవదు. డిసెంబరు చలిలో, నిప్పుల పక్కన కూర్చుని తాగడానికి దీన్ని మించింది లేదని నా నమ్మకం. చిక్కంతా బెంగళూరులో అది దొరకబుచ్చుకోవడంలోనే ఉంది.

మారతహళ్ళిలో మా వీధి చివరి షాపుతో మొదలుపెట్టాం. కౌంటర్లో ఉన్నది హిందూపురం కుర్రాడు. "జర్మన్ డార్క్ లాగర్ ఏమన్నా ఉందా తమ్ముడూ?" అంటే ఒక స్టౌట్ డబ్బా తీసి ముందు పెట్టాడు. "ఇదీ నల్లదే కద సార్?" రంగు విషయంలో అతను చెప్పింది నిజమే. కానీ స్టౌట్ ఏల్ కుటుంబానిది, అంటే కాస్త వెచ్చదనంలో త్వరగా పులిసే రకం, మాడ్చిన బార్లీ చేదు దాని ప్రాణం. డంకెల్ లాగర్. చల్లదనంలో నెమ్మదిగా పులిసి, వారాల తరబడి ట్యాంకులో నిద్రపోయి బయటికొస్తుంది. అందుకే అంత నున్నగా దిగుతుంది. వీధి షాపుల్లో దీన్ని వెతకడం దండగ, ఆ కుర్రాణ్ణి తప్పుపట్టడం అంతకంటే దండగ. అక్కడికొచ్చే వాళ్ళలో ఎక్కువమందికి కావలసింది స్ట్రాంగ్ బీరు.

నల్ల బీరు మీద మా బావమరిదికి ఇంకో అనుమానం. "నల్లదంటే బాగా ఎక్కుతుంది కదా బావా?" అన్నాడు. ఎక్కదు. డంకెల్లో ఆల్కహాల్ ఐదు శాతం అటూ ఇటూ ఉంటుంది, మన స్ట్రాంగ్ బీర్లలో కొన్ని ఎనిమిది దాకా వెళ్తాయి. రంగు వచ్చేది మాల్టుని ఎక్కువ వేడి మీద ఆరబెట్టడం వల్ల, మత్తుకీ దానికీ సంబంధం లేదు. మ్యూనిక్‌లో స్పాటెన్ అనే బీరు కంపెనీ వాళ్ళు 1894లో లేత బంగారు రంగు హెల్లెస్ తెచ్చేదాకా బవేరియాలో రోజువారీ బీరంటే ఈ గోధుమరంగుదే.

దిగుమతి సరుకు కావాలంటే టానిక్, మధులోక లాంటి పెద్ద స్టోర్లకి పోవాల్సిందే. అక్కడ అసలు పరీక్ష లేబుల్. డంకెల్ అని రాసినంత మాత్రాన లాగర్ కాదు. ఎర్డింగర్ డంకెల్ అందంగా కనిపిస్తుంది గానీ అది గోధుమ బీరు, ఏల్ జాతి. అరటిపండు, లవంగం వాసన వచ్చేది దాంట్లో వాడే ఈస్టు వల్లే. పౌలానర్, వైహెన్‌స్టెఫాన్ వాళ్ళు రెండు రకాలూ చేస్తారు, అసలు తికమక అక్కడే. వైస్‌బియర్, వైజెన్, హెఫె అన్న మాటల్లో ఏది కనిపించినా అది గోధుమ బీరే, ఆ సీసా పక్కన పెట్టేయండి. పౌలానర్ మ్యూంచ్నర్ డంకెల్, హోఫ్‌బ్రాయ్ డంకెల్, వైహెన్‌స్టెఫాన్ ట్రెడిషన్ మాత్రం నిఖార్సయిన లాగర్లు. ఇంకా నల్లగా, కాస్త కాఫీ చేదుతో, నోటికి తేలిగ్గా ఉండేది కావాలంటే థురింగియాలోని బాద్ కోస్ట్రిట్జ్ నుంచి వచ్చే కోస్ట్రిట్జర్ ష్వార్జ్‌బియర్. 4.8 శాతమే. పౌలానర్ సాల్వటోర్ కూడా ముదురు లాగరే గానీ 7.9 శాతం. పొద్దున్నే కొండెక్కే ఉద్దేశం ఉంటే దాని జోలికి పోకండి.

ఒకచోట సేల్స్‌మన్ ఆఫర్ అంటూ ఓ కేసు అంటగట్టబోయాడు. సీసా తిప్పి చూస్తే బెస్ట్ బిఫోర్ ఇంకో పది రోజులే ఉంది. అడిగితే "బీరుకి డేట్ ఏంటి సార్, వైన్ లాంటిదే" అన్నాడు. ఆ స్టోరు పేరు చెప్పను కానీ ఆ మాట నమ్మకండి. లాగర్ పాతబడితే తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. చివరికి వేరేచోట వెనక అరలో, దుమ్ము పట్టకుండా చీకట్లో ఉన్న హోఫ్‌బ్రాయ్ డంకెల్ దొరికింది. డేటు బాగుంది. ధర మామూలు బీరుకి రెండు మూడింతలు, అది ముందే అనుకున్నదే.

బీరు అక్కడే తయారుచేసి పోసే బ్రూపబ్ నుంచి పట్టించుకుపోదామన్న ఆలోచన కూడా వచ్చింది. 2010లో ఇందిరానగర్‌లో టోయిట్ వచ్చిన దగ్గర్నుంచి ఊళ్ళో అలాంటివి వీధికొకటి వెలిశాయి కదా. కానీ బోర్డు మీద నల్లది అంటే చాలాచోట్ల స్టౌటో, దాని చుట్టం పోర్టరో, రెండూ ఏల్ రకాలే. కారణం సులువు. ఏల్ రెండు వారాల్లో గ్లాసులోకి వచ్చేస్తుంది, సరైన లాగర్ నెలకి పైగా ట్యాంకు ఆక్రమిస్తుంది. అద్దె కట్టేవాడికి ట్యాంకు ఖాళీ కావాలి. ఎక్కడైనా డంకెల్ పెడితే అక్కడే కూర్చుని తాగండి. పట్టించుకెళ్ళింది కారు కుదుపులకి గ్యాసు పోయి చప్పబడుతుంది.

ఇక ఎక్కడ దిగాలన్నది. భీమేశ్వరి, గాలిబోరె రెండూ కావేరి ఒడ్డున ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ నడిపే క్యాంపులు. నది కోసమైతే వాటికి సాటి లేదు. కానీ అది అభయారణ్యం, చెక్‌పోస్టు దాటాలి. అలాంటి చోటికి సొంత సీసాలతో వెళ్ళే పని పెట్టుకోవద్దు. సీసాల్ని తాడు కట్టి నీళ్ళలో చల్లబెడదామని మావాడొకడు ఉత్సాహపడ్డాడు గానీ ఆ నీళ్ళలో మొసళ్ళు ఉంటాయి. హార్స్‌లీ కొండలు అన్నాడు మదనపల్లె మిత్రుడు, పాపం సొంతూరి మీద ప్రేమతో. కర్ణాటక మద్యంతో ఆంధ్రా సరిహద్దు దాటితే ఎక్సైజ్ కేసు. బీరు కోసం ఆ టెన్షన్ ఎందుకు? సావనదుర్గ కొండ కింద ఖాళీ స్థలంలో టెంటు వేయడం కూడా వద్దనుకున్నాం. అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు.

మిగిలింది ప్రైవేటు క్యాంపులు. మొదట వెళ్ళింది రామనగర వైపు, ఫోటోల్లో స్వర్గంలా ఉన్న చోటు. టెంట్ల మధ్య రెండు అడుగుల సందు, రాత్రి పదకొండు దాటినా డీజే, నలభై మందికి రెండు బాత్రూములు. బీరు తెచ్చుకోవచ్చు అని ఫోన్‌లో చెప్పి, వచ్చాక సీసాకి ఇంత అని "కార్కేజ్" అడిగారు. బేరమాడితే సగానికి దిగారు. అంటే ఆ లెక్కకి పద్ధతంటూ ఏమీ లేదని అర్థం. ఆ గోలలో ఏ బీరైనా ఒకటే, మంచి సీసా అక్కడ తెరవబుద్ధి కాలేదు.

రెండోది కనకపుర దాటాక ఒక మామిడి తోట. టెంట్లు పాతవే, జిప్ ఒకటి మొరాయించింది, పరుపు పల్చన. కానీ మనిషికీ మనిషికీ మధ్య చోటుంది, బాత్రూములో నీళ్ళున్నాయి, పాటలు లేవు. తోట చూసుకునే అక్క కోలారు పక్క ఆమె, తెలుగు మనకంటే బాగా మాట్లాడుతుంది. సీసాల సంగతి ముందే ఫోన్‌లో అడిగితే "తెచ్చుకోండయ్యా, పగలగొట్టొద్దు, ఖాళీవి వెనక్కి పట్టుకుపోండి, తాగి బండి తీయొద్దు" అంది. ఈ మూడు ముక్కల్లో ఉన్న స్పష్టత ఆ రామనగర వాళ్ళ పేజీడు నిబంధనల్లో లేదు.

చల్లదనానికి మేం చేసింది ఇంతే. ఐసు ముక్కలు కాకుండా ఐసు గడ్డ తీసుకున్నాం, గడ్డ నిదానంగా కరుగుతుంది. కరిగిన నీళ్ళు పారబోయలేదు, సీసా చుట్టూ చల్లటి నీళ్ళుంటేనే తొందరగా చల్లబడుతుంది. రాత్రి ఎనిమిదికల్లా గడ్డ పిడికెడు మిగిలింది. అప్పుడు సీసాలు బయటికి తీసి తడి నూలు గుడ్డ చుట్టి గాలికి పెట్టాం, చివరి సీసా దాకా హాయిగానే తాగగలిగాం. గ్లాసులు మాత్రం ఇంటినుంచి తీసుకెళ్ళండి, గాజువి. క్యాంపులో ఇచ్చే ప్లాస్టిక్ కప్పులో నురుగు నిలవదు, రంగు తెలియదు.

మంటకి అడ్డంగా గ్లాసు పట్టుకుని చూస్తే అది నలుపు కాదు, బెల్లం పాకంలో ఎర్ర జీర కొట్టినట్టు ఉంది. పైన లేత గోధుమరంగు నురుగు. వాసన కాల్చిన రొట్టె పెచ్చుది. మొదటి గుక్కలో తీపి అనిపించి, దిగేసరికి నాలుక పొడిగా అయిపోతుంది. అందుకే వెంటనే ఇంకో ముక్క నోట్లో పెట్టుకోవాలనిపిస్తుంది. మావాళ్ళు గుంటూరు కారం బాగా దట్టించిన కోడి కాల్చారు. హాప్స్ అనే పువ్వుల చేదు ఎక్కువున్న ఐపీఏ రకం బీరు అయితే ఆ కారాన్ని రెట్టింపు చేసి చంపేది. డంకెల్ మాల్టు తీపి దాన్ని తగ్గించింది, అంచుల్లో మాడిన చర్మానికీ బీరులోని కాల్చిన రుచికీ భలే పొత్తు కుదిరింది. అక్క రాగిసంగటి, నాటుకోడి పులుసు పంపింది. పులుసుతో మాత్రం బీరు పొసగలేదు, చింతపండు పులుపు ముందు మాల్టు తేలిపోయింది. మా బావమరిది తెచ్చుకున్న స్ట్రాంగ్ డబ్బాలు ఐసు డబ్బా అడుగునే ఉండిపోయాయి. పొద్దున్నే అవి అలాగే వెనక్కి బయల్దేరాయి.

తోటకి వెళ్ళాలనుకుంటే వారం ముందే మాట్లాడుకోండి. శనివారం టెంట్లు గురువారానికే అయిపోతాయి. సీసాలు కూడా వారం మధ్యలో కొనుక్కోవడం మేలు, శుక్రవారం సాయంత్రం ఆ స్టోర్లలో బిల్లు కౌంటర్ దగ్గరే అరగంట పడుతుంది.