ఐసు ఫ్లాస్కు లేని నైట్ హాల్టు: కంటి ప్రెషర్‌కి లేజర్ చేయించుకున్న నాలుగున్నరేళ్ళకి

నీటికాసులంటే గ్లకోమా, కంట్లో ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు. దాని గురించి, లేజర్ గురించి మొదట్నుంచీ చెప్పుకురాను. ఆ జబ్బున్నవాళ్ళకి డాక్టర్లు చెప్పే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, రాత్రి తొమ్మిదింటికి కంట్లో చుక్క వేసుకోకుండా పడుకోగలగడం గురించి. 2021 ఫిబ్రవరిలో రెండు కళ్ళకీ రెండు వారాల తేడాతో ఎస్‌ఎల్‌టీ లేజర్ చేయించుకున్నాను. అందులో నాకు దొరికిన సుఖం అదే. తర్వాత తగిలిన దెబ్బ కూడా ఆ సుఖంలోంచే వచ్చింది.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. 2017లో చత్వారం అద్దాలకని వెళ్తే కుడికంట్లో ప్రెషర్ 28, ఎడమకంట్లో 26 అన్నారు. 21 దాటకూడదట. ఆ మాట వినగానే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మకి చూపు మసకబారుతుంటే పొర వచ్చింది, ముదిరాక తీయిద్దాంలే అనుకుంటూ రెండేళ్ళు గడిపేశాం. అది పొర కాదు, నీటికాసులు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది. పోయిన చూపు మళ్ళీ రాదని ఆ రోజే విన్నాను. అందుకే నా విషయంలో అశ్రద్ధ చెయ్యలేదు. లాటానోప్రోస్ట్ చుక్క, రోజూ రాత్రి, రెండు కళ్ళకీ, నాలుగేళ్ళు వేసుకున్నాను.

ఇంట్లో ఉండేవాళ్ళకి అది పెద్ద పని కాదు. నాకు వారంలో రెండు మూడు రాత్రులు పల్లెల్లో నైట్ హాల్టు. ఆ మందు సీసా మూత తియ్యకముందు ఫ్రిజ్‌లో ఉండాలి, తీశాక 25 డిగ్రీలు దాటని చోట పెట్టుకోవాలి. రెంటచింతల వైపు మే నెలలో అర్ధరాత్రి కూడా 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతుంది? ఒక చిన్న స్టీలు ఫ్లాస్కు కొన్నాను. సాయంత్రం చివరి ట్రిప్పులో కూల్‌డ్రింక్ షాపు దగ్గర బస్సు ఆపించి రెండు ఐసుముక్కలు అడిగి తీసుకుని, సీసాని పాలిథిన్ కవర్లో చుట్టి అందులో దించేవాణ్ణి. తొమ్మిదింటికి బస్సులో చివరి పొడుగు సీటు మీద వెల్లకిలా పడుకుంటే డ్రైవరన్న సెల్లు లైటు పట్టుకునేవాడు. చుక్క ఒక్కోసారి బుగ్గ మీద పడేది. లోపలికి పోయిందో లేదో తెలియక ఇంకోటి వేసేవాణ్ణి. నెలకి రావాల్సిన సీసా ఇరవై రెండో తారీఖుకే అయిపోయేది. మిగతా వారం మందు సర్దుకోవడానికి పడిన తంటా నాకే తెలుసు.

ఆ మందుకి కళ్ళు ఎర్రబడేవి, కళ్ళ కింద చర్మం నల్లబడింది. ఉదయం మొదటి ట్రిప్పుకి ఎర్రటి కళ్ళతో టిక్కెట్లు కొడుతుంటే తాగొచ్చాననుకున్నవాళ్ళున్నారు. ఒక పెద్దాయన డిపోకి ఫిర్యాదు కూడా చేశాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను చుక్క ముట్టనివాణ్ణి. చుక్కల సీసా తీసుకెళ్ళి మేనేజరు గారికి చూపించి బయటికొచ్చాక చాలాసేపు బస్టాండులో కూర్చుండిపోయాను.

వేరే మందుకి మారుద్దామంటే నాకు ఉబ్బసం ఉంది, టిమోలాల్ చుక్కలు పడవు. అప్పుడు డాక్టరమ్మ లేజర్ మాట చెప్పారు.

చేయించుకోవడం ఏమంత భయపడాల్సింది కాదు. ముందు ప్రెషర్ ఎగదన్నకుండా ఒక చుక్క, కన్ను తిమ్మిరెక్కడానికి ఒక చుక్క వేశారు. రోజూ కన్ను చూసే మిషనులాంటి దానికే గడ్డం ఆనించమన్నారు. జెల్లీ రాసిన చిన్న అద్దం కంటికి ఆనించారు. పచ్చటి వెలుగు మెరుపులు, టిక్కు టిక్కుమని చప్పుడు. నా చేతిలో టిమ్ మిషను టిక్కెట్టు కొడుతున్నట్టే అనిపించింది. నొప్పి లేదు, అక్కడక్కడ సూది మొన ఆనినట్టు చురుక్కుమంది. ఐదారు నిమిషాల్లో వంద దెబ్బల దాకా వేసి అయిపోయిందన్నారు. గంట కూర్చోబెట్టి ప్రెషర్ మళ్ళీ చూసి పంపించారు. రెండు రోజులు ఎండలోకి చూస్తే కన్ను గుంజింది. మూడో రోజు డ్యూటీకి వెళ్ళాను.

ఫలితం వెంటనే రాదు, ఆరు వారాలు ఆగాలి, అప్పటిదాకా చుక్కలు మానొద్దన్నారు. కంట్లో నీరు బయటికిపోయే జల్లెడ ఉంటుందట. లేజర్ అందులో రంగు పట్టిన కణాలకి మాత్రమే తగులుతుంది, చుట్టుపక్కల కాలదు. తర్వాత ఒళ్ళే నెమ్మదిగా ఆ జల్లెడని శుభ్రం చేసుకుంటుంది. అందుకే అంత టైము. 1979లో వచ్చిన పాత ఆర్గాన్ లేజరయితే జల్లెడ మీద కాలిన మచ్చలు పడేవి, మళ్ళీ మళ్ళీ చెయ్యడానికి వీలుండేది కాదు. మార్చి చివర్లో చుక్కలు ఆపించారు. నెల తర్వాత చూస్తే కుడి 19, ఎడమ 18. చుక్కలతో ఎంత ఉండేదో దాదాపు అంతే, ఒక్క చుక్క లేకుండా.

ఆ వేసవిలో మొదటి నైట్ హాల్టు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఫ్లాస్కు ఇంట్లోనే వదిలేశాను. కూల్‌డ్రింక్ షాపు దగ్గర డ్రైవరన్న అలవాటుగా బ్రేకు వేస్తే వద్దని చెయ్యి ఊపాను. రాత్రి అన్నం తిని, గుడి అరుగు మీద తువ్వాలు పరుచుకుని, ఎనిమిదిన్నరకే నిద్రపోయాను. రెండు నెలలకి కళ్ళ ఎరుపు పోయింది. కంటికి ఆరువేలు లెక్కన పన్నెండు వేలయింది. నెలకి నాలుగువందల యాభై పెట్టి కొనే చుక్కల లెక్కలో చూస్తే రెండేళ్ళ పైచిలుకు మందు ఖర్చు. నా జీతానికి అది కూడా గట్టి లాభమే.

డిపోలో కనబడిన ప్రతివాడికీ చెప్పాను, లేజర్ చేయించుకోండి, చుక్కల పీడ వదులుతుందని. మా అక్కకి కూడా ప్రెషర్ ఉందని తెలిసి నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాను. అద్దం పెట్టి చూస్తే అక్క కంట్లో నీరు పోయే కోణమే మూసుకుపోయి ఉందట. అక్కడ జల్లెడ కనబడదు, నాకు చేసిన లేజర్ పనికిరాదు. ఆమెకి నల్లగుడ్డు చుట్టూ ఉండే రంగు పొరలో చిన్న రంధ్రం చేసే వేరే లేజర్ చేశారు, చుక్కలు మాత్రం వేసుకోవాల్సిందే అన్నారు. "నీకు పోయాయిగా తమ్ముడూ, నాకెందుకు పోవు?" అని అక్క అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఎవరికి చెప్పినా ముందు మీకే రకమో తెలుసుకోండి అని కలిపి చెబుతున్నాను.

అసలు జరిగింది ఇంకా తర్వాత. 2022 సెప్టెంబరు దాకా ఆర్నెల్లకోసారి వెళ్ళాను. ప్రతిసారీ 18, 19. ఆ తర్వాత మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. డబ్బు సర్దుబాట్లు, పెళ్ళి పనులు, ఆ పైన డిపోలో మనుషులు చాలక డబుల్ డ్యూటీలు. ఆసుపత్రికి వెళ్ళడం పదిహేడు నెలలు తప్పిపోయింది. చూపులో తేడా ఏమీ లేదు. నొప్పి లేదు, మంట లేదు, చిల్లర లెక్క ఒక్కసారి తప్పలేదు. 2024 ఫిబ్రవరిలో అద్దాలు మార్పించుకుందామని వెళ్తే కుడికన్ను 26 వచ్చింది. ఎడమది 20.

ఫీల్డ్ టెస్ట్ చేద్దామన్నారు. గిన్నెలాంటి తెల్లటి డొప్పలోకి గడ్డం పెట్టి, నడిమి లైటునే చూస్తూ, పక్కల ఎక్కడ చుక్కంత వెలుగు మెరిసినా బటను నొక్కాలి. అంతకుముందు చాలాసార్లు చేశాను. ఆ రోజు కుడికంటికి చేస్తుంటే మధ్యలో చాలాసేపు ఒక్క వెలుగూ రాలేదు. మిషను ఆగిందేమో అనుకుని పక్కనున్న అమ్మాయిని అడిగాను. "నడుస్తూనే ఉంది అంకుల్, మీరే నొక్కట్లేదు" అంది. కాగితం మీద ముక్కు వైపు పైమూలలో మసి పూసినట్టు ఒక మచ్చ. పాత కాగితంలో అక్కడ తెల్లగా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి డాక్టరమ్మ ఏమీ అనకుండా నా వైపు చూశారు. అమ్మకి కూడా మొదట ఇలాగే ఎక్కడో ఒక మూల పోయి ఉంటుంది, ఎవరం చూడలేదు.

నాకు కోపం లేజర్ మీద కాదు. అది చేసేటప్పుడు కౌన్సిలింగ్ టేబులు దగ్గర కూర్చున్నతను "ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం నిశ్చింత" అన్నాడు. డాక్టరమ్మ చూపించుకుంటూ ఉండమన్నారు, నిజమే. కానీ డబ్బు కట్టేచోట విన్న మాటే చెవిలో ఉండిపోయింది. ఇచ్చిన కాగితంలో ఎన్ని సంవత్సరాలకి దీని పట్టు సడలవచ్చో ఒక్క ముక్క లేదు. ఆ ఒక్క లైను అచ్చువేసి ఉంటే పదిహేడు నెలలు నేను ఆగేవాణ్ణి కాదు.

ఇంకో సంగతి ఇప్పుడు అర్థమవుతోంది. చుక్కలు వేసుకున్న రోజుల్లో ఆ సీసానే నన్ను ఆసుపత్రికి లాక్కెళ్ళేది. ఆర్నెల్లు దాటిన చీటీకి మా మెడికల్ షాపతను మందిచ్చేవాడు కాదు, కొత్త చీటీ తెమ్మనేవాడు. నేను విసుక్కునేవాణ్ణి. ఆ వంకనే ప్రెషర్ చూపించుకోవడం జరిగిపోయేది. లేజర్‌తో సీసా పోయింది, చీటీ పోయింది, నాకు జబ్బుందని గుర్తుచేసేది ఇంట్లో ఏదీ మిగల్లేదు. నేను అంతగా మెచ్చుకున్న సుఖంలోనే ఈ ప్రమాదం కూడా ఉంది.

తర్వాత డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. ఇంగ్లండులో లైట్ అనే పెద్ద పరిశోధన చేశారట. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మొదటే లేజర్ చేసినవాళ్ళలో మూడేళ్ళకి నూటికి 74 మందికి చుక్కలు లేకుండానే ప్రెషర్ అదుపులో ఉంది. ఆరేళ్ళకి కూడా నూటికి 70 కళ్ళ దాకా నిలిచాయి. 2022లో అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాల్లో చుక్కలకన్నా ముందు ఈ లేజరే సూచించమని రాశారు. కానీ ఆ 74లో, 70లో రెండోసారి లేజర్ చేయించుకున్నవాళ్ళు కూడా కలిసే ఉన్నారు. పైగా వాళ్ళందరినీ పిలిచి పిలిచి పరీక్ష చేశారు, తేడా రాగానే పట్టుకున్నారు. నన్ను పిలిచేవాళ్ళు ఎవరున్నారు?

2024 మార్చిలో కుడికంటికి మళ్ళీ లేజర్ చేశారు. రెండు నెలలకి 21కి దిగింది. మొదటిసారయితే అది చాలేదేమో, ఇప్పుడు నరం కొంత దెబ్బతింది కాబట్టి ఇంకా తగ్గాలన్నారు. కుడికంటికి మాత్రం రాత్రి చుక్క మళ్ళీ మొదలైంది. దానితో ఇప్పుడు 16. ఎడమకంటికి 2021 తర్వాత ఒక్క చుక్క పడలేదు, 19 దగ్గర నిలబడింది. ఒకే మనిషికి, ఒకే చేత్తో చేసిన లేజర్ రెండు కళ్ళలో రెండు రకాలుగా పనిచేసింది.

మళ్ళీ చేయించుకుంటావా అంటే చేయించుకుంటాను. ఉబ్బసం, ఎండలో సీసా, రాత్రి డ్యూటీలు, ఇన్ని ఉన్న నాకు చుక్కలు కాసిన్ని తగ్గినా గొప్పే. ఇంటిపట్టున ఉండి, మందు పడి, మర్చిపోకుండా వేసుకునేవాళ్ళకి నా అంత అవసరం ఉండకపోవచ్చు, అది వాళ్ళ డాక్టరుతో తేల్చుకోవాలి. జబ్బు బాగా ముదిరినవాళ్ళ సంగతి నాకు తెలియదు. నావి మొదట్లోనే పట్టుకున్న కళ్ళు.

ఫ్లాస్కు మళ్ళీ సంచీలోకి వచ్చింది. ఒక్క కంటికే కాబట్టి సీసా నెలాఖరు దాకా వస్తోంది. నాలుగు నెలలకోసారి రమ్మన్నారు. ఈసారి తారీఖు నవంబరు 12, బుధవారం. డ్యూటీ చార్టు వేసే ఆయనకి ఇప్పుడే చెప్పి ఆ రోజుకి సెలవు రాయించాను.