పదేళ్ళకు ఢిల్లీ వద్దన్న డీజిల్ కారు, మూడేళ్ళుగా కోనసీమలో

2013 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు కొన్నాను. 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. ఇవాళ్టికి మీటరు 1,11,000 చూపిస్తోంది. అందులో 64,000 ఢిల్లీలో పదేళ్ళకు తిరిగింది, మిగతాదంతా అమలాపురం వచ్చాక మూడేళ్ళలో. బండి గురించి చెప్పాల్సింది తక్కువే. దాని చుట్టూ ఉన్న రూల్స్ గురించి మాత్రం చాలా చెప్పాలి.

ముందు బండి సంగతి. ఫియట్ వాళ్ళ ఈ 1,248 సీసీ ఇంజన్‌ను మారుతి, టాటా కూడా తమ కార్లలో పెట్టాయి. అందుకే ఏ ఊళ్ళో ఆగినా దీని గుట్టు తెలిసిన మెకానిక్ దొరుకుతాడు, స్పేర్లూ దొరుకుతాయి. లోపల వాల్వులను నడిపేది బెల్టు కాదు, టైమింగ్ చైను. 2,000 ఆర్‌పీఎం లోపు కాస్త బద్ధకంగా ఉంటుంది, టర్బో అందుకున్నాక హాయిగా లాగుతుంది. ఢిల్లీ ట్రాఫిక్‌లో లీటరుకు 15 ఇచ్చేది, ఇక్కడ 20కి తగ్గడం లేదు. ఇన్నేళ్ళలో క్లచ్ ప్లేటు ఒకసారి, సస్పెన్షన్ బుష్‌లు రెండుసార్లు, బ్యాటరీ మూడుసార్లు మార్చాను. ఇంజన్ ఒక్కసారీ విప్పలేదు.

అప్పట్లో డీజిల్ ఎందుకు కొన్నానో ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. డీజిల్ ధర అప్పుడు ప్రభుత్వం చేతిలో ఉండేది. పెట్రోలుకూ దానికీ లీటరుకు ఇరవై రూపాయలకు పైనే తేడా. 2014 అక్టోబరులో గానీ డీజిల్ ధరను పూర్తిగా మార్కెట్‌కు వదల్లేదు. కంపెనీలు పోటీలు పడి డీజిల్ బళ్ళు అమ్మాయి. నేను బుక్ చేశాక మూడు నెలలు ఆగాల్సి వచ్చింది. బ్యాంకు లోను ఇచ్చింది. రోడ్డు పన్ను మొత్తం ఒకేసారి కట్టించుకున్నారు. ఆర్సీ మీద చెల్లుబాటు 2028 ఫిబ్రవరి వరకు అని అచ్చు వేసి ఇచ్చారు. ఆ కార్డు ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

లోను సగం కూడా తీరకముందే, 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరగకూడదంది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అంటే పదిహేనేళ్ళకని రాసిచ్చిన కాగితం పదేళ్ళకే చెల్లకుండా పోయింది.

ఢిల్లీ గాలి బాగుందని నేను అనడం లేదు. మయూర్ విహార్‌లో ఉండేవాళ్ళం. దీపావళి వెళ్ళాక మా అబ్బాయికి రాత్రుళ్ళు పిల్లికూతలు మొదలయ్యేవి. నెబ్యులైజర్ మంచం పక్కనే ఉండేది. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న రాత్రుల్లో, ఏ బండి ఆపినా సరే, ఈ గాలి బాగుపడితే చాలనుకున్నాను. ఇప్పుడూ అదే అంటాను. కానీ ఆ రూలు చూసేది పొగను కాదు, పుట్టినరోజును. పొల్యూషన్ చెకింగ్‌కు వెళ్ళినప్పుడు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి యాక్సిలరేటర్ తొక్కమనేవాడు. నా బండి బీఎస్-4, అంటే పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్లో నాలుగో దశ; అంకె పెరిగేకొద్దీ రూలు గట్టిది. పొగ చిక్కదనానికి పరిమితి 1.62 అయితే, చివరిసారి నాకు వచ్చింది 0.7. నేను ఆఫీసుకు మెట్రోలో వెళ్ళేవాణ్ణి, బండి శని ఆదివారాలు తప్ప కదిలేది కాదు. పదేళ్ళలో 64,000 తిరిగిన బండికీ, రోజూ నోయిడా నుంచి గుర్‌గావ్‌కు తిరిగి మూడు లక్షలు దాటిన బండికీ ఒకటే గడువు. బీఎస్-3కీ బీఎస్-6కీ కూడా అప్పట్లో తేడా ఉండేది కాదు.

పెద్ద బళ్ళ సంగతి ఇంకోలా నడిచింది. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో 2,000 సీసీ, ఆ పైన ఉన్న డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. మరుసటి నెలలోనే మహీంద్రా తన 2.2 లీటర్ల ఇంజన్‌కు 1.99 లీటర్ల రూపం తెచ్చి అమ్మడం మొదలుపెట్టింది. చట్టప్రకారం అందులో తప్పేమీ లేదు. పెద్ద కార్ల కంపెనీలు లాయర్లతో కోర్టుకు వెళ్ళాయి. 2016 ఆగస్టులో, ధర మీద ఒక శాతం పర్యావరణ రుసుము కడితే చాలని నిషేధం ఎత్తేశారు. యాభై లక్షల బండికి అది యాభై వేలు. కట్టి నడుపుకున్నారు. నా 1,248 సీసీ బండికి అలా ఒక శాతం కట్టి బతికే దారి ఎవరూ చూపలేదు. దాని తరఫున కోర్టులో నిలబడే కంపెనీ లేదు. పాత బండి పోతే కొత్త బండి అమ్ముడవుతుంది కదా, కంపెనీకి దాని గురించి ఎందుకు? నాకు బాగా కష్టం అనిపించింది ఇదే.

2022 నవంబరులో, ఇంకా గడువు ఉండగానే, బీఎస్-4 డీజిల్ కార్లు కొన్నాళ్ళు ఢిల్లీ రోడ్డెక్కకూడదన్నారు. ఎక్కితే 20,000 జరిమానా. అద్దం మీద డీజిల్ బళ్ళకు వేసే నారింజ రంగు స్టిక్కర్ ఉండేది, దూరం నుంచే తెలిసిపోతుంది. ఆ వారంలోనే ఒక షోరూం నుంచి ఫోను. "సార్, మీ బండికి ఇంకా మూడు నెలలే ఉంది, ఎనభై వేలు ఇస్తాం, కొత్తది తీసుకోండి" అని. నాకు గుర్తులేని తేదీ వాళ్ళకు గుర్తుంది. అదే బండికి అమలాపురంలో మూడు లక్షలు పలుకుతోందని మా బావమరిది చెప్పాడు. తుక్కుకు ఇచ్చినవాళ్ళకు కొత్త కారు మీద డిస్కౌంట్ ఇస్తామని 2024 ఆగస్టులో కంపెనీలు ఒప్పుకున్నాయి. అదెంతో చూస్తే 1.5 శాతం లేదా 20,000, ఏది తక్కువైతే అది. పది లక్షల బండికి పదిహేను వేలన్నమాట.

షోరూం వాళ్ళు అడిగినప్పుడు నేను అమ్మలేదు. ఎలాగూ ఊరికి వచ్చేద్దామనే ఉంది. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి రవాణా శాఖ ఇచ్చే ఎన్‌ఓసీకి ఫారం 28, బండి దొంగది కాదని ధ్రువపత్రం, లోను తీరిందని బ్యాంకు కాగితం, అన్నీ పెట్టి ఐదు వారాలు తిరిగాను. 2023 జనవరిలో బయల్దేరాం. ఆగ్రా, ఝాన్సీ, సాగర్, నాగ్‌పూర్, ఆదిలాబాద్, హైదరాబాద్, అక్కణ్ణుంచి విజయవాడ మీదుగా రావులపాలెం. దాదాపు రెండు వేల కిలోమీటర్లు, మూడు రోజులు. బండి ఎక్కడా మొరాయించలేదు. ఇక్కడ మళ్ళీ జీవిత పన్ను, బండి వయసును బట్టి తగ్గించి. ఏపీ 39 నంబరు వచ్చింది. ఢిల్లీలో వాడుకోని ఐదేళ్ళ పన్ను తిరిగిమ్మని పెట్టిన అర్జీకి ఇంతవరకు జవాబు లేదు.

వచ్చిన వారానికి నాన్న అరుగు మీద కూర్చుని బండిని చూస్తూ అడిగారు. "అక్కడ పనికిరాందీ ఇక్కడెలా పనికొచ్చిందిరా? అక్కడోళ్ళవేనా ఊపిరితిత్తులు?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చలికాలంలో ఢిల్లీ మీద గాలి కదలదు, పొగ కిందే పేరుకుపోతుంది, మనకు సముద్రపు గాలి ఉంది, బళ్ళూ తక్కువ అని చెప్పాను. అది నిజమే. కానీ ఢిల్లీ వద్దనుకున్న వేల డీజిల్ బళ్ళు ఇలా మన లాంటి జిల్లాలకే దిగుతున్నాయి. అందులో పొగ కక్కేవీ ఉన్నాయి. వాటిని ఇక్కడ గట్టిగా చూసేవాళ్ళు లేరు. మొన్న సర్టిఫికెట్‌కు వెళ్తే గొట్టం పెట్టకుండానే కాగితం ఇవ్వబోయాడు. "పెట్టండి, చూద్దాం" అని నేనే పట్టుబట్టాను. 0.9 వచ్చింది.

ఇక్కడ కారు వాడకమే వేరు. బస్సు ఉన్న చోటికి బస్సులో వెళ్ళొచ్చు గానీ, అర్ధరాత్రి పెద్దమ్మకు ఆయాసం వస్తే రాజమండ్రి ఆసుపత్రికి ఈ బండే దిక్కు. వీధిలో నలుగురికి తాళం ఎక్కడ ఉంటుందో తెలుసు. కాలవగట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే అర కిలోమీటరు రివర్స్ చేయాలి, అక్కడ చిన్న బండి విలువ తెలుస్తుంది. ఉప్పుగాలికి డోర్ల కింద తుప్పు మొదలైంది, అడుగున కోటింగ్ వేయించాను. మొదటి ఏడాది కొబ్బరి మట్ట పడి ముందు అద్దం పగిలింది. నారింజ స్టిక్కర్ దాంతోనే పోయింది.

డీజిల్ లీటరు ఇక్కడ ఢిల్లీ కంటే పది రూపాయల దాకా ఎక్కువ. ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన దాటి యానాంలోకి వెళ్తే మళ్ళీ చవక, అది పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి. కాకినాడ వెళ్ళే రోజు ట్యాంకు అక్కడే నింపుతాను. గోదావరి ఒక గట్టున ఒక ధర, ఇంకో గట్టున ఇంకో ధర. గాలి మాత్రం రెండు గట్లకూ ఒకటే.

2025 జూలై 1న ఢిల్లీ బంకుల్లో కెమెరాలు పెట్టి, గడువు దాటిన బళ్ళకు ఆయిలు పోయొద్దన్నారు. జనం గొడవ చేస్తే కొన్ని రోజుల్లోనే ఆపారు. డిసెంబరులో సుప్రీంకోర్టు బీఎస్-4, ఆ తర్వాతి బళ్ళను వయసు మాటతో ఇబ్బంది పెట్టొద్దంది. నా బండి బీఎస్-4. పదేళ్ళు నేను అడిగిందీ అదే. ఆ వార్త చదివిన రోజు ఢిల్లీ స్నేహితుడు ఫోన్ చేశాడు. అచ్చం ఇలాంటి బండిని 2022లో డెబ్బై వేలకు వదిలేసి, లోను మీద కొత్తది కొన్నాడు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఢిల్లీ నంబరు డీజిల్ ఇక్కడ కొనాలనుకునేవాళ్ళకు: తక్కువ తిరిగినవి నిజంగానే దొరుకుతాయి, కానీ మీటరును నమ్మకండి, సర్వీస్ రికార్డు అడగండి. ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే డబ్బివ్వండి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి, చైను గలగల వినిపిస్తోందా, వెనక నల్ల పొగ వస్తోందా చూడండి. పొగ వస్తే ఎంత చవకైనా వద్దు. నాది 2028 ఫిబ్రవరిలో ఫిట్‌నెస్‌కు వెళ్ళాలి. అప్పటికి ఇంజెక్టర్లు శుభ్రం చేయించి ఉంచుతాను.