మిడిలో గిటార్ స్ట్రమ్మింగ్: చేత్తో రాయాలా, స్ట్రమ్ టూల్ వాడాలా, స్ట్రమ్ కీలా, రికార్డు చేసిన పాటర్న్‌లా?

పియానో రోల్‌లో (నోట్లు గీసే గడిలో) సి, ఇ, జి నోట్లు మూడూ ఒకేచోట పెట్టి, ట్రాక్ మీద గిటార్ ప్లగిన్ (గిటార్ ధ్వని ఇచ్చే సాఫ్ట్‌వేర్) వేస్తే వినిపించేది గిటార్ గొంతు పెట్టుకున్న పియానో. గిటార్‌లో ఏ కార్డు పలకాలో ఎడమ చెయ్యి చూసుకుంటుంది. పాట నడక, ఊపు, బరువు మాత్రం కుడి చేతివి. అందుకే మిడిలో (ఏ నోటు ఎప్పుడు, ఎంత బలంగా మోగాలో కంప్యూటర్‌కు చెప్పే సంకేతాల్లో) స్ట్రమ్మింగ్, అంటే తీగలను వరసగా మీటడం, చేసే ఏ పద్ధతినైనా ఒకే ప్రశ్నతో తూచవచ్చు: ఇందులో కుడి చెయ్యి ఎవరిది? మీదా, ప్లగిన్‌దా, ఎప్పుడో స్టూడియోలో వాయించి వెళ్లిపోయిన గిటారిస్టుదా?

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. డ్రమ్స్, బేస్, కీబోర్డుల వెనక నిండుదనం కోసమే గిటార్ అయితే రికార్డు చేసిన పాటర్న్‌ల లైబ్రరీ చాలు, పని కూడా త్వరగా తెములుతుంది. గిటారే పాటను మోస్తుంటే స్ట్రమ్ కీలు (కిందికి, పైకి మీటే దెబ్బలకు విడి కీలు) ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ మేలు. డబ్బు పెట్టలేనివాళ్లకూ, ఏది ఎందుకు సహజంగా వినిపిస్తుందో నేర్చుకోవాలనుకునేవాళ్లకూ చేత్తో రాయడమే దారి. డాతో (పాటను రికార్డు చేసి కూర్చే సాఫ్ట్‌వేర్‌తో) వచ్చే, కార్డు నోట్లను వరసగా పరిచే స్ట్రమ్ టూల్‌ను ఒంటరిగా నమ్ముకోవద్దు. చేత్తో రాసేటప్పుడు సగం శ్రమ తప్పించే పనిముట్టుగా వాడుకోండి.

ముందు తీగల లెక్క

గిటార్ తీగలు విడిగా మీటితే వచ్చే మిడి నంబర్లు లావు తీగ నుంచి సన్న తీగకు వరసగా 40, 45, 50, 55, 59, 64. ఒక్కో డా ఆక్టేవ్‌లకు ఒక్కో రకంగా పేరు పెడుతుంది (60ని ఒకటి సి3 అంటే ఇంకొకటి సి4 అంటుంది), కాబట్టి అక్షరాలు కాకుండా నంబర్లు చూసుకోవడమే క్షేమం. ఓపెన్ జి కార్డు 43, 47, 50, 55, 59, 67. సి కార్డులో అయిదు తీగలే: 48, 52, 55, 60, 64. డి కార్డుకు నాలుగు: 50, 57, 62, 66. ఇ మైనర్: 40, 47, 52, 55, 59, 64. ఎ మైనర్: 45, 52, 57, 60, 64. పియానో మీద వేళ్లకు అలవాటైన దగ్గర దగ్గర నోట్ల కార్డుకు ఎంత మంచి స్ట్రమ్ వేసినా అది హార్ప్‌లా జారుతుంది తప్ప గిటార్ కాదు. చేత్తో రాసినా, స్ట్రమ్ టూల్ వాడినా మొదట దిద్దుకోవాల్సింది ఇదే.

చేత్తో రాయడం

కుడి చెయ్యి పూర్తిగా మీది. శ్రమ కూడా పూర్తిగా మీదే.

టెంపో 90 దగ్గర ఒక డౌన్‌స్ట్రోక్ (చెయ్యి కిందికి దిగుతూ మీటే దెబ్బ) ఆరు తీగలూ దాటడానికి 20 నుంచి 35 మిల్లీసెకండ్లు ఇవ్వండి. వేగమైన పదహారో నోట్లకు 10–15 చాలు. మెల్లని పాట చివర కార్డును పరిచి వదిలేటప్పుడు 80 దాకా పోవచ్చు. తీగకూ తీగకూ మధ్య ఎడం సమానంగా ఉంటే యంత్రం వాసన వస్తుంది, ఎందుకంటే చెయ్యి దిగుతున్నకొద్దీ వేగం పుంజుకుంటుంది. 25 మిల్లీసెకండ్ల స్ట్రోక్‌ను 0, 7, 13, 18, 22, 25 అని పేర్చి వినండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

ఇక్కడ ఎఫ్‌ఎల్ స్టూడియో వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి. దాని ప్రాజెక్టు టైమ్‌బేస్ మామూలుగా 96 పీపీక్యూ, అంటే ఒక బీట్‌ను 96 టిక్‌లుగా కోస్తుంది. టెంపో 90లో ఒక్క టిక్ దాదాపు 7 మిల్లీసెకండ్లు. ఆరు తీగలను ఒక్కో టిక్ చొప్పున జరిపినా స్ట్రోక్ 35 మిల్లీసెకండ్లకు తగ్గదు, ఎడాలు కూడా అన్నీ ఒకేలా వస్తాయి. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే జనరల్ సెట్టింగ్స్‌లో 960కి మార్చుకోండి. అప్పుడు టిక్ 0.7 మిల్లీసెకండు అవుతుంది. రీపర్, లాజిక్‌లలో మొదటి నుంచీ 960 కాబట్టి ఈ బెడద లేదు.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరపడేది స్ట్రోక్ ఎక్కడ మొదలవాలి అన్న దగ్గర. మొదటి తీగను సరిగ్గా బీట్ మీద పెట్టి మిగతావి వెనక్కి జరిపితే గిటార్ ఎప్పుడూ డ్రమ్స్ వెనక ఈడ్చుకుంటూ వస్తుంది. చెవి బీట్‌గా పట్టుకునేది స్ట్రోక్ మధ్య నుంచి చివరి వరకు పలికే సన్న తీగల మెరుపును. కనుక మొత్తం స్ట్రోక్‌ను అందులో సగం మేర ముందుకు లాగండి: 25 మిల్లీసెకండ్ల స్ట్రోక్ అయితే బీట్‌కు 12–15 మిల్లీసెకండ్ల ముందే లావు తీగ మోగాలి. దీనివల్ల ఇంకో చిక్కు వస్తుంది. పాట సరిగ్గా ఒకటో బార్‌లో (తాళం మొదటి ఆవర్తనంలో) మొదలైతే ముందుకు లాగిన నోట్లకు చోటు ఉండదు, మొదటి కార్డులో లావు తీగలు మాయమవుతాయి. క్లిప్‌ను లూప్‌లో పెట్టినా ఇదే జరుగుతుంది. మొదట్లో ఒక ఖాళీ బార్ వదలండి. అలాగే స్ట్రమ్ పరిచాక క్వాంటైజ్ (నోట్లను బీట్ గీతల మీదికి సర్దే ఆదేశం) నొక్కవద్దు, నోట్లన్నీ మళ్లీ గోడకు ఆనించినట్టు ఒకే గీత మీదికి వస్తాయి. క్వాంటైజ్ చేయాలంటే పరచకముందే చేయాలి.

అప్‌స్ట్రోక్ అంటే తిరగేసిన డౌన్‌స్ట్రోక్ అనుకోవద్దు. పైకి వచ్చేటప్పుడు చెయ్యి సాధారణంగా మూడు నాలుగు సన్న తీగలనే తాకి వెళ్లిపోతుంది. సన్న తీగతో మొదలుపెట్టి 80, 72, 64 వెలాసిటీలతో (మీటే బలంతో) మూడు నోట్లు, మొత్తం 10–15 మిల్లీసెకండ్లలో. డౌన్‌స్ట్రోక్‌ల్లో కూడా బరువు ఒక్కచోటే ఉండదు. మొదటి బీట్‌లో లావు తీగలకు 95, సన్నవాటికి 80 ఇవ్వండి. రెండు, నాలుగు బీట్లలో దాన్ని తిప్పండి: లావు తీగలు 60, సన్నవి 95. స్నేర్‌తో కలిసి గిటార్ "ఛక్" మనేది ఇక్కడే.

చెయ్యి గడియారం లోలకంలా ఆగకుండా ఊగుతుంది. ఎనిమిదో నోట్ల నడకలో బీట్ మీద ఎప్పుడూ కిందికి, బీట్ల మధ్య ఎప్పుడూ పైకి. మధ్యలో మోగని చోట కూడా చెయ్యి ఊగుతూనే ఉంటుంది, తీగను తాకదంతే. కింద, కింద-పైన, పైన-కింద-పైన అనే ప్రసిద్ధమైన నడకలో మూడో బీట్ ఖాళీ, అక్కడ చెయ్యి గాలిలో దిగుతుంది. ఈ నియమం తప్పి బీట్ మీద అప్‌స్ట్రోక్ రాస్తే గిటార్ వాయించేవాళ్లు వినగానే పట్టేస్తారు.

నోటు పొడవు దగ్గర సోమరితనం పనికిరాదు. ఒక తీగ మళ్లీ మీటేదాకా మోగుతూనే ఉంటుంది, కాబట్టి ప్రతి నోటునూ అదే తీగ మీది తర్వాతి నోటు దాకా లాగండి. ఒకే శ్రుతి నోట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే మాత్రం పాత నోటు ముగింపు కొత్త నోటు గొంతు నొక్కుతుంది. రెండు మూడు టిక్‌లు ఎడం వదలండి. కార్డు మారే ముందు ఎడమ చేతి వేళ్లు లేస్తాయి. బార్‌లో చివరి అప్‌స్ట్రోక్‌ను పాత కార్డుతో కాకుండా ఖాళీ తీగలతో, అంటే 55, 59, 64తో రాసి చూడండి. కాగితం మీద తప్పు స్వరంలా కనిపించే ఈ చిన్న పనికే నమ్మకం ఎక్కువ వస్తుంది. నాలుగు బార్లకు ఒకసారి చాలు.

శాంపిల్ (అసలు వాద్యం నుంచి రికార్డు చేసిన నోటు) నాణ్యత తక్కువైతే ఈ కష్టమంతా వృథా. ఒక నోటుకు ఒకే శాంపిల్ ఉన్న సౌండ్‌ఫాంట్‌లో వరస స్ట్రోక్‌లు మెషిన్‌గన్‌లా మోగుతాయి. ఉచితంగా కావాలంటే మార్టిన్ డి-41 గిటార్‌ను శాంపిల్ చేసిన యాంపుల్ గిటార్ ఎమ్ లైట్‌తో మొదలుపెట్టవచ్చు.

డాలోని స్ట్రమ్ టూల్

ఎఫ్‌ఎల్ స్టూడియో పియానో రోల్‌లో ఆల్ట్+ఎస్. ఏబుల్టన్‌లో అయితే 2024లో వచ్చిన లైవ్ 12 నుంచి మిడి ట్రాన్స్‌ఫర్మేషన్లలో స్ట్రమ్ ఉంది. ఎడాలను వంపుగా పరచగలవు, అదొక్కటే లాభం. ఏ తీగ వదలాలో, ఏ స్ట్రోక్ పైకి వెళ్లాలో వాటికి తెలియదు. అన్ని కార్డులూ ఒకేసారి ఎంచుకుని నొక్కితే అన్నీ ఒకే దిక్కుకు జారతాయి. అప్‌స్ట్రోక్‌లలో లావు తీగల నోట్లు ముందే చెరిపేసి, డౌన్‌స్ట్రోక్‌లన్నీ ఒకసారి, అప్‌స్ట్రోక్‌లన్నీ ఇంకోసారి ఎంచుకుని విడివిడిగా పరవండి. ఆ తర్వాత మొత్తాన్ని ముందుకు లాగడం మరిచిపోవద్దు.

స్ట్రమ్ కీలు

మ్యూజిక్‌ల్యాబ్ రియల్‌గిటార్ వంటి వాటిలో ఒక చేత్తో కార్డు పట్టుకుని, ఇంకో చేత్తో డౌన్, అప్ కీలు నొక్కుతారు. తీగల లెక్కను ప్లగిన్ చూసుకుంటుంది, కాలం మాత్రం మీ వేళ్లది. రెండు వేళ్లతో కింద-పైన వాయిస్తూ రికార్డు చేస్తే లోలకం దానంతటదే వచ్చేస్తుంది. ఈ పద్ధతికి ఎక్కువ మార్కులు వేయడానికి కారణం అదే. బఫర్ (కీ నొక్కాక శబ్దం ఆలస్యమయ్యేలా చేసే తాత్కాలిక నిల్వ) 128 శాంపిళ్లకు దించి వాయించండి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2.7 మిల్లీసెకండ్లు. క్వాంటైజ్ తప్పదనుకుంటే 50–60 శాతం దగ్గర ఆపండి.

ఇక్కడ వచ్చే తప్పులు వేరు. కార్డు నోట్లూ స్ట్రమ్ కీ ఒకే క్షణంలో పడితే మొదటి స్ట్రోక్ పాత కార్డుతో మోగవచ్చు. కార్డు నోట్లను 20–30 మిల్లీసెకండ్లు ముందుకు జరపండి. సి6, ఎ మైనర్ 7 రెండింటిలోనూ ఉన్నవి అవే నాలుగు స్వరాలు, కాబట్టి ప్లగిన్ ఏది పట్టుకుందో తెర మీద చూసుకోవాలి. కీ నొక్కాకే స్ట్రోక్ మొదలవుతుంది గనుక, పాట మిక్స్ చేసేటప్పుడు ట్రాక్ డిలే మైనస్ 10 నుంచి 15 మిల్లీసెకండ్లు పెట్టండి.

రికార్డు చేసిన పాటర్న్‌లు

నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి సెషన్ గిటారిస్ట్ స్ట్రమ్డ్ అకూస్టిక్ (ఉచిత కాంటాక్ట్ ప్లేయర్‌లోనే నడుస్తుంది), యూజామ్ వర్చువల్ గిటారిస్ట్ ఆంబర్ ఈ కోవవి. కార్డు పట్టుకుంటే చాలు, నిజమైన చెయ్యి వాయించిన నడక వినిపిస్తుంది. చేతి గీకుడు, తీగ రాపిడి, అన్నీ ఉంటాయి. పల్లవికి ఒక పాటర్న్, చరణానికి ఇంకొకటి పెట్టి పది నిమిషాల్లో పాట అంతా నింపవచ్చు.

అయితే ఆ చెయ్యి మీ మాట వినదు. నాలుగో బీట్ తర్వాత అప్‌స్ట్రోక్ మీదే కార్డు మారే పాటలో పాటర్న్ బరువు మాత్రం తర్వాతి బార్ మొదట్లో పడుతుంది. గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఒక్క స్ట్రోక్ తగ్గించాలన్నా వీలుకాదు. లైబ్రరీలో లేని కార్డు వస్తే దగ్గరిదానితో సరిపెట్టుకోవాలి. తెలుగు పాటకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇటువంటి లైబ్రరీల్లో 4/4 నడకలే ఎక్కువ, మన జానపద బాణీల్లో తిశ్రం అడుగడుగునా తగులుతుంది. 6/8కి 4/4 పాటర్న్‌ను సాగదీయవద్దు. మెల్లని తిశ్రంలో ఆరు దెబ్బలూ కిందికే, మధ్య మధ్య పైకి. వేగమైనదానిలో కింద-పైన-కింద, కింద-పైన-కింద. మూడో దెబ్బ తర్వాత చెయ్యి మళ్లీ పైకి లేవాలి, అందుకే ఆ మూడోది పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది. స్ట్రమ్ కీలతో దీన్ని వాయించడం పెద్ద కష్టం కాదు.

శ్రుతి సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పాడేవారు ఒకటిన్నర శ్రుతి, అంటే సి షార్ప్ అంటే గిటారిస్టు బార్ కార్డులతో (ఒకే వేలితో తీగలన్నీ అదిమి పట్టేవాటితో) కుస్తీ పట్టడు, మొదటి మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి సి కార్డు ఆకారాలే వాయిస్తాడు. అయిదున్నర శ్రుతి అయితే అదే కాపోతో జి ఆకారాలు. స్ట్రమ్ కీల ప్లగిన్‌లో కాపో సెట్టింగ్ ఉంటే వాడండి. చేత్తో రాస్తుంటే సి, జి ఆకారాల్లో రాసుకుని అన్ని నోట్లనూ ఒక సెమిటోన్ పెంచండి.

చివరగా, ఎడమా కుడీ రెండు గిటార్లు కావాలనుకుంటే ఒకే ట్రాక్‌ను కాపీ చేసి రెండు వైపులా పెట్టవద్దు. అది వెడల్పు అవదు, మధ్యలో శబ్దం పెరుగుతుందంతే. జి పాటకు ఎడమవైపు ఓపెన్ జి ఆకారాలు, కుడివైపు అయిదో మెట్టు మీద కాపోతో డి ఆకారాలు పెట్టి, రెండోదాన్ని విడిగా మళ్లీ వాయించి రికార్డు చేయండి. బేస్ గిటార్ ఉన్న పాటలో రెండింటికీ 100 హెర్ట్జ్ కింద కోయండి, లావు తీగ మూలస్వరం 82 హెర్ట్జ్ దగ్గర బేస్‌తో ఢీకొట్టకుండా ఉంటుంది.