ఇంటి పనిగదిలో 10 అంగుళాల టేబుల్ సా: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

పోత ఇనుప బల్ల, దాని కింద బెల్టుతో నడిచే ఇండక్షన్ మోటారు, బల్ల మధ్య నుంచి పైకి వచ్చే 254 మిల్లీమీటర్ల గుండ్రని రంపపు బ్లేడు ఉన్న టేబుల్ సాను నేను ఎనిమిదేళ్లుగా వాడుతున్నాను. వారాంతాల్లో అల్మరాలు, బల్లలు, పెట్టెలు చేసుకునే నా వంటి వారికి ఇది చాలినంత యంత్రం. ఇన్నేళ్లలో మోటారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. అయితే ఈ యంత్రం ఇచ్చే కోత నాణ్యత మోటారు శక్తి మీద కంటే మనం చేసే సంరక్షణ మీదే ఎక్కువగా ఆధారపడుతుందని గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మొదటి రెండేళ్లూ గట్టి కలపను నారల వెంట నిలువుగా కోసినప్పుడల్లా ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ) వైపు ముక్క అంచు నల్లగా కాలిపోయేది. బ్లేడు మొద్దుబారిందని భావించి రెండు బ్లేడులకు సాన పట్టించాను, ఫలితం లేకపోయింది. చివరికి డయల్ గేజ్‌ను (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) మైటర్ గాడిలో, అంటే బల్ల మీద బ్లేడు పక్కన ఉండే తిన్నని గాడిలో జరిగే చెక్క కడ్డీకి బిగించి కొలిస్తే, బ్లేడు వెనుక భాగం ముందు భాగం కంటే 0.4 మిల్లీమీటర్ల మేర ఫెన్స్ వైపు ఒరిగి ఉన్నట్టు తేలింది. ఇలా కొలిచేటప్పుడు ఒకే పంటికి గుర్తు పెట్టి, ముందు ఒకసారి కొలిచి, అదే పన్ను వెనక్కి వచ్చేలా బ్లేడును చేత్తో తిప్పి మళ్లీ కొలవాలి. వేర్వేరు పళ్ల దగ్గర కొలిస్తే బ్లేడులోని స్వల్పమైన వంకర కూడా లెక్కలోకి వచ్చి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. బ్లేడు వెనుక ఫెన్స్‌తో దారి ఇరుకైనప్పుడు కలప వెనుక పళ్లకు ఒరుసుకుని కాలుతుంది. అంతకంటే ప్రమాదం, పైకి లేస్తున్న ఆ పళ్లు చెక్కను పట్టుకుని కోసేవారి మీదికి విసిరేయగలవు. అంటే ఆ నల్లని మరక ఒక హెచ్చరిక, దానిని నేను రెండేళ్లు పట్టించుకోలేదు.

నా యంత్రంలో బ్లేడు ఇరుసును మోసే ట్రనియన్లు బల్ల అడుగుకే బిగించి ఉంటాయి. ప్లగ్ తీసివేసి, నాలుగు బోల్టులలో మూడింటిని వదులు చేసి, చెక్క ముక్కను అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తడుతూ సరిచేశాను. బోల్టు బిగించిన ప్రతిసారీ కొలత కాస్త జరుగుతుంది గనుక, ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా బిగిస్తూ మళ్లీ మళ్లీ కొలవక తప్పలేదు. మధ్యాహ్నమంతా పట్టింది కానీ తేడా 0.05 మిల్లీమీటర్లకు దిగింది, కాలిన మరకలు ఆ రోజుతో పోయాయి. ఆ తర్వాతే ఫెన్స్‌ను కూడా అదే గాడికి సమాంతరంగా అమర్చాను. ముందు బ్లేడు, తర్వాత ఫెన్స్ అన్న ఈ వరుస తప్పితే పని రెండుసార్లు చేయవలసి వస్తుంది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, యంత్రాన్ని చోటు మార్చినప్పుడు తప్పనిసరిగా, ఈ కొలతలు సరిచూస్తాను.

బ్లేడును ఎత్తి దించే మరల విషయంలో నేను చేసిన పొరపాటు గ్రీజు పూయడం. రంపపు పొట్టు ఆ గ్రీజులో కలిసి గట్టి ముద్దయి, ఏడాది తిరిగేసరికి చేతి చక్రం తిప్పడమే కష్టమైంది. కిరోసిన్‌తో, పాత బ్రష్షుతో అంతా గీకి, ఆరనిచ్చి, పొడి కందెన వేశాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. 90 డిగ్రీల దగ్గర బ్లేడును ఆపే బోల్టు తల మీద కూడా పొట్టు పేరుకుంటుంది. కోత లంబంగా రావడం లేదంటే, ఆ బోల్టును తిప్పే ముందు దానిని శుభ్రం చేసి మూలమట్టంతో చూడడం మేలు.

బ్లేడు మొద్దుబారిందని అనిపించిన చాలా సందర్భాల్లో అసలు కారణం పళ్ల పక్కన గడ్డకట్టిన కలప బంక. జిడ్డు తొలగించే ద్రావణంలో పావుగంట నానబెట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దితే పోతుంది. కార్బైడ్ పళ్లు గట్టివే కానీ పెళుసు, అందుకే విప్పిన బ్లేడును ఇనుప బల్ల మీద కాక చెక్క మీద పెడతాను. నిలువు కోతకు 24 పళ్లది, ప్లైవుడ్‌కు 60 పళ్లది మార్చి వాడడం వల్ల రెండూ ఎక్కువ కాలం పదునుగా ఉంటున్నాయి. పలుచని బ్లేడుకు మారినప్పుడు రివింగ్ నైఫ్ (బ్లేడు వెనుక కోత మూసుకోకుండా ఆపే రేకు) మందం కోత వెడల్పు కంటే తక్కువగానూ, బ్లేడు రేకు కంటే ఎక్కువగానూ ఉందో లేదో చూడాలి, ఫెన్స్ స్కేలు సున్నా కూడా సరిచేసుకోవాలి.

బల్ల మీద తుప్పు మాత్రం నిర్లక్ష్యాన్ని అసలు క్షమించదు. వర్షాకాలంలో ఒకసారి తడి చెక్కను రాత్రంతా బల్ల మీద వదిలేస్తే, తెల్లారేసరికి దాని ఆకారంలో తుప్పు దిగింది. సన్నని రాపిడి పీచుతో రుద్ది పేస్టు వాక్సు పూసి తుడిచాను, ఇప్పుడు నెలకోసారి అదే చేస్తున్నాను. సిలికాన్ ఉన్నవి వాడను, ఎందుకంటే అది చెక్కకు అంటి, తర్వాత వేసే వార్నిష్‌లో గుంటలు తెస్తుంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. బ్లేడు చుట్టూ వచ్చే పలక పలుచని రేకు కావడంతో మధ్యలో కుంగింది, దాని బదులు ప్లైవుడ్‌తో నేనే చేసుకున్నాను. పొట్టు బయటికి పోయే ప్లాస్టిక్ గొట్టం మూడో ఏట పగిలింది. ఆరో ఏట బెల్టు మార్చాను, దానితో అదురు సగానికి పైగా తగ్గింది.

కొన్ని వారాలుగా స్విచ్ ఆపాక బ్లేడు నెమ్మదిస్తున్నప్పుడు సన్నని గరగర వినిపిస్తోంది. ప్లగ్ తీసి, బెల్టు తప్పించి ఇరుసును చేత్తో తిప్పితే వేళ్లకు గరుకుగా తగులుతోంది. కాబట్టి ఆ చప్పుడు మోటారుది కాదు, ఇరుసు బేరింగులది. ఆ రెండు బేరింగులనూ ఒకేసారి మార్చి, బ్లేడు సమాంతరాన్ని మళ్లీ మొదటి నుంచి కొలిచేంత వరకు గట్టి కలపను ఈ యంత్రం మీద పెట్టను.