చేతి వణుకు: ట్రోడాట్ స్పెక్టా, ఫ్లోరోడోపా పెట్టా?

వణుకు పార్కిన్సన్ జబ్బుదేనా అని మెదడులోని డోపమైన్ కణాలను చూసే స్కాన్లే ఈ రెండూ. వీటికోసం శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. ఏ స్కానో ముందే తేల్చుకుని బయల్దేరండి.

ఖర్చు: సాధారణంగా ట్రోడాట్‌కే తక్కువ. దానిలోని రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం, చిన్న జనరేటర్ పరికరం నుంచి వస్తుంది, 6 గంటలకు సగమవుతుంది. ఫ్లోరోడోపాలోని రేడియోధార్మిక ఫ్లోరిన్ తయారీకి సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రం కావాలి. అది 110 నిమిషాలకే సగం. సరుకు ఆలస్యమైతే స్కాన్ వాయిదాయే.

శ్రమ: ట్రోడాట్‌కు ఇంజెక్షన్ తర్వాత 4 గంటలు కూర్చోవాలి, అంతే. ఫ్లోరోడోపాకు ఖాళీ కడుపు, గంట ముందు కార్బిడోపా మాత్ర. ఆ మాత్ర మరిస్తే ఫ్లోరోడోపా ఒంట్లోనే మారిపోయి మెదడుకు తక్కువ చేరుతుంది, బొమ్మ మసకబారుతుంది.

బొమ్మ: మామూలుగా రెండు కామా (,) గుర్తుల్లా కనిపిస్తుంది, పార్కిన్సన్‌లో తోక ముందు చెరిగి చుక్క మిగులుతుంది.

మామూలు వణుకా, పార్కిన్సనా అన్నదే సందేహమైతే ట్రోడాట్ చాలు. తొలిదశలో మిగిలిన డోపమైన్ కణాలు ఎక్కువ పనిచేసి ఫ్లోరోడోపాలో లోటును కప్పేస్తాయి కూడా. ట్రోడాట్ బొమ్మను తప్పుదారి పట్టించే బ్యుప్రోపియాన్ (డిప్రెషన్ మందు) వాడుతూ ఆపలేనివారికి మాత్రం ఫ్లోరోడోపాయే నయం.