సన్న లెన్సులతో కొండ ఊరికి

ఈసారి ప్రయాణానికి జూమ్ లెన్సులన్నీ ఇంట్లోనే పెట్టేసి, మేం ముగ్గురం తలా ఒక పాన్‌కేక్ లెన్స్‌తో (అట్టులా పలచగా ఉండే లెన్స్) బయల్దేరాం. నాది గ్రిప్ లేని చదునైన ఫుజీఫిల్మ్ బాడీ, దానికి 27 మి.మీ. ఎఫ్/2.8 (మి.మీ. అంకె తగ్గేకొద్దీ ఫొటోలో ఎక్కువ వెడల్పు పడుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు వస్తుంది). అక్క చేతిలో ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా), కెనాన్ ఆర్‌ఎఫ్ 28 మి.మీ. ఎఫ్/2.8. బావ లోపల అద్దం ఉండే తన పాత డీఎస్ఎల్ఆర్‌కి కెనాన్ 40 మి.మీ. ఎఫ్/2.8 తగిలించుకున్నారు. బరువులు వరసగా 84, 120, 130 గ్రాములు. మూడింటిలో ఏదీ 25 మి.మీ. మందం దాటదు.

అంకెల్లో అన్నీ ఒకేలా ఉన్నా, రైలు ఎక్కేసరికే తేడా తెలిసింది. నా కెమెరా జాకెట్ జేబులో పట్టింది. అక్క కెమెరాకి గ్రిప్ బాగా ముందుకు ఉంటుంది కాబట్టి లెన్స్ ఎంత సన్నగా ఉన్నా చిన్న పౌచ్ తప్పలేదు. బావది మాత్రం బ్యాగులోంచి బయటికి రావడమే తక్కువ. అందుకే లెన్స్ మందాన్ని విడిగా చూడొద్దంటాను. బాడీకి తగిలించి, మొత్తం మందం ఎంతుందో చూడాలి. గ్రిప్ కంటే సన్నని లెన్స్ వల్ల జేబుకి కలిసొచ్చేది ఏమీ లేదు, మెడ మీద బరువు తగ్గుతుందంతే. అలాంటి బాడీకి సుమారు 45 మి.మీ. పొడవుండే నికాన్ జడ్ 40 మి.మీ. ఎఫ్/2 లాంటిదే మేలు. కాస్త పొడవు పెరిగినా వెలుతురు రెట్టింపు వస్తుంది.

లాడ్జిలో గది చిన్నదే. కానీ కిటికీ లోయ వైపుకి ఉంది, మంచం పక్కనే రెండు ప్లగ్ పాయింట్లున్నాయి. చిన్న కెమెరాల బ్యాటరీ రోజంతా రాదు కాబట్టి నాకు ఆ ప్లగ్గులే పెద్ద సౌకర్యం. ఆ గదిని, కిటికీని ఒకే ఫొటోలో పట్టింది అక్క 28 మాత్రమే. నా 27, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ మీద సుమారు 40 మి.మీ. చూపు ఇస్తుంది. నేనూ బావా గోడకి ఆనుకుని నిలబడినా సగం గదే వచ్చింది. కొండ మీద వ్యూ పాయింట్ దగ్గర సీన్ తిరగబడింది. 28లో ఎదుటి కొండలు చిన్న గుట్టల్లా మారిపోయాయి, మా 40లో నిండుగా నిలిచాయి. సందుల్లో, మనుషుల ఫొటోలకి కూడా నా ఓటు 40కే. ముఖాలు సాగిపోవు, ఎదుటివాళ్ల మీదికి వెళ్లి నిలబడక్కర్లేదు.

"పాన్‌కేక్‌లు ఎక్కువగా 40 దగ్గరే ఎందుకుంటాయి?" అని అక్క దారిలో అడిగింది. బావ కెమెరాలో లెన్స్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్ దాకా 44 మి.మీ. దూరం, మధ్యలో అద్దం. ఫోకల్ లెంగ్త్ (లెన్స్ పేరులోని మి.మీ. అంకె) అంతకంటే బాగా తగ్గితే వెనక చోటు కోసం అదనపు గాజులు పెట్టాలి, లెన్స్ లావెక్కుతుంది. 40, 45 దగ్గరైతే 1902లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెస్సార్ లెన్స్ లాంటి సాదా అమరికతోనే, నాలుగే గాజులతో పని జరిగిపోతుంది. అక్క కెమెరాకి ఉన్న ఆర్‌ఎఫ్ మౌంట్‌లో ఆ దూరం 20 మి.మీ.కి తగ్గింది. అందుకే 2023లో వచ్చిన 28 కూడా అంత సన్నగా కుదిరింది.

మ్యూజియంలో సర్వీస్ మెచ్చుకోవాలి. పెద్ద బ్యాగులు కౌంటర్‌లో తీసుకుని టోకెన్ ఇచ్చారు, చిన్న కెమెరాలతో లోపలికి వెళ్లనిచ్చారు. ఫ్లాష్, ట్రైపాడ్ కుదరవు. ఆ మసక వెలుతురులో ఎఫ్/2.8 సరిపోయిందని చెప్పలేను. షట్టర్ 1/40 దగ్గర పెట్టినా ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన, పెంచితే ఫొటో గరుకుగా వస్తుంది) 3200 దాటింది. శిల్పాలు కదలవు కాబట్టి నెట్టుకొచ్చాం, పిల్లలు పరిగెత్తే చోటైతే ఎఫ్/2 ఉండాల్సిందే. రాత్రి ఫొటోలే ముఖ్యం అనుకునేవాళ్లు మందం మీద పట్టుదల వదిలేయడం మంచిది.

పడవలో తుంపర్లు పడ్డాయి. నా లెన్స్‌కి నీటి రక్షణ ఉంది, బాడీకి లేదు. రెండింటికీ ఉంటేనే ప్రయోజనం, కాబట్టి కెమెరా లోపల పెట్టేశాను.

అక్క 28 అద్దెకి తెచ్చుకున్నది. దుకాణం వాళ్లు వెనక గాజు మీద వేలిముద్రతోనే ఇచ్చారు, ముందు క్యాప్ వదులుగా ఉంది. అయినా కొనేముందు ఇలా ప్రయాణమంతా వాడి చూడటం మంచి పద్ధతే. తీసుకునేటప్పుడు రెండు వైపులా గాజు చూసి, ఫోకస్ చప్పుడు వినండి. ఈ రకంలో చాలా లెన్సుల్లో గాజుల దిమ్మె మొత్తం ముందుకీ వెనక్కీ కదులుతుంది, అందుకే వీడియోలో సన్నగా గర్రుమనే శబ్దం వినిపించవచ్చు. కెమెరా ఆఫ్‌లో ఉండగా బయటికొచ్చిన గొట్టాన్ని చేత్తో లోపలికి నెట్టకండి, మోటార్ పాడవ్వచ్చు.

అక్క 28 కొనాలనే నిర్ణయానికి వచ్చింది. గదులు, గుళ్లు, ఇంటిల్లిపాదీ ఫొటోలు ఆమెకి ఎక్కువ, కాబట్టి సరైన ఎంపికే. నేను 27తోనే ఉంటాను. దాని మీద ఉన్న 39 మి.మీ. యూవీ ఫిల్టర్ మాత్రం రెండో రోజే తీసేశాను. ఫిల్టర్, దాని మీద క్యాప్ కలిసి జేబు జిప్ పడనివ్వలేదు. క్యాప్ ఒక్కటే చాలు.